మూలపాడు నుంచి క్వీన్స్‌టౌన్‌కి ఐదేళ్లు

చలికాలం జి. కొండూరులో నెగడు దగ్గర చేరితే కబుర్లు రెండే. ఈ ఏడు తోటలో పూత ఎలా ఉంటుంది, మొన్నటి మ్యాచ్‌లో ఎవడు ఎందుకు అవుటయ్యాడు. పూత గురించి నా మాట ఈ ఊళ్లో ఎవరూ వినరు గనుక రెండోదే మాట్లాడుకుందాం. ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యండి, పొగంతా నా మీదకే వస్తోంది.

మనవాళ్లలో ఇండియాకి ఆడిన కుర్రాళ్లెవరండీ అని అడిగితే ఠక్కున నితీష్ కుమార్ రెడ్డి అంటారు. అవును మరి, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆ విశాఖ కుర్రాడు తొంభై తొమ్మిది మీదుంటే, అవతలి కొసన సిరాజ్ కమిన్స్ బంతులు మూడింటిని కాచుకుంటున్నంతసేపూ ఊపిరి బిగబట్టని తెలుగువాడు లేడు. సరే, కుర్రాళ్ల సంగతి వదిలేయండి. మన కృష్ణా జిల్లా అమ్మాయి ఎవరు? ఇప్పుడు చూడండి, ఎవరూ నోరు మెదపరు. జిల్లాల విభజనయ్యాక మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం లెండి, అయినా అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు.

సబ్భినేని మేఘన. కుడిచేతి వాటం ఓపెనరు.

ఇక్కణ్ణుంచి ఇబ్రహీంపట్నం రింగు సెంటర్‌కి వెళ్లి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే మూలపాడు వస్తుంది. అక్కడ ఆంధ్రా క్రికెట్ సంఘం గ్రౌండుంది. 2016 నవంబరులో వెస్టిండీస్ అమ్మాయిలు మన దేశానికొచ్చి వన్డేలు మూడు, టీ20లు మూడు ఆడారు. ఆరూ మూలపాడులోనే! ఆ ఏడు ఏప్రిల్లోనే కోల్‌కతాలో ఆస్ట్రేలియాని ఓడించి టీ20 ప్రపంచకప్ ఎత్తుకెళ్లిన జట్టండీ అది. స్టెఫానీ టేలర్, హేలీ మాథ్యూస్ లాంటివాళ్లు మన కొండపల్లి కొండల పక్కన బంతిని బాదారంటే ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. వన్డేలు మూడూ మనవి, టీ20లు మూడూ వాళ్లవి. మేఘన మొదటిసారి ఇండియా జెర్సీ వేసుకుంది ఆ టీ20ల్లోనే. వయసు ఇరవై. సొంత జిల్లాలో, సొంత సంఘం గ్రౌండులో! ఇంతకంటే మంచి ఆరంభం ఎవరికి దొరుకుతుంది?

ఆ నెలాఖరున బ్యాంకాక్‌లో మొదలైన ఆసియా కప్‌కీ తీసుకెళ్లారు. కప్పు మనకే వచ్చింది. అంతే, మళ్లీ ఇండియా తరఫున ఆడింది 2022 ఫిబ్రవరిలో.

మధ్యలో ఐదేళ్ల పైచిలుకు. ఆటగాళ్ల గురించి రాసేవాళ్లం ఈ ఐదేళ్లనీ ఒక్క కామాతో దాటేస్తాం. నన్నడిగితే ఆమె అసలు కెరీరు ఆ కామాలోనే ఉంది. అప్పటికి అమ్మాయిలకి రాష్ట్ర జట్టు ఒక మెట్టు, ఇండియా జట్టు ఇంకో మెట్టు. మధ్యలో ఎవరైనా చూసి గుర్తుపెట్టుకునే చోటంటూ పెద్దగా లేదు. పోనీ డబ్బులా? 2021 దాకా సీనియర్ అమ్మాయిలకి దేశవాళీ మ్యాచ్‌కి రోజుకి 12,500 రూపాయలు. ఆ ఏడు 20,000 చేశారు. అదే ప్రకటనలో మగవాళ్లకి అనుభవాన్ని బట్టి రోజుకి 40,000 నుంచి 60,000. ఏడాదికి పడే మ్యాచ్‌లేమో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మన అమ్మాయిలు రైల్వేస్ వైపు చూసేవాళ్లు. ఉద్యోగముంటే నెల జీతం వస్తుంది, ఆట మానక్కర్లేదు. మిథాలీ రాజ్ అయినా, హర్మన్‌ప్రీత్ అయినా ఆ దారినే నడిచారు. మేఘన కూడా ఆంధ్రాకి ఆడి, తర్వాత రైల్వేస్‌కి మారింది.

రెండో పిలుపు తమాషాగా వచ్చింది. న్యూజిలాండ్ టూరులో స్మృతి మంధానాకి క్వారంటైన్ పొడిగించారు. ఓపెనర్ కావాలి. క్వీన్స్‌టౌన్‌లో ఫిబ్రవరి 9న టీ20కి మేఘనని దింపారు. ముప్పై బంతుల్లో 37, మనవాళ్లలో అదే ఎక్కువ స్కోరు. మ్యాచ్ పోయిందనుకోండి. మొదటి వన్డేలో నాలుగే పరుగులు. రెండోదాంట్లో 49. ఒక్క పరుగు! మూడో వన్డేలో మాత్రం షెఫాలీ వర్మ అవతలుండగా ఈ అమ్మాయే చెలరేగి 41 బంతుల్లో 61 కొట్టింది. ఇద్దరూ కలిసి మొదటి వికెట్‌కి వంద పెట్టారు. షెఫాలీ పక్కన ఎవరైనా నెమ్మదిగా కనిపిస్తారు. ఆ రోజు కనిపించలేదు.

వచ్చే నెలలో ప్రపంచకప్, అదీ న్యూజిలాండ్‌లోనే. మేఘన మాత్రం స్టాండ్‌బై! సెలెక్టర్లని తిట్టాలనిపిస్తుంది, నేనూ తిట్టాను. కానీ న్యాయం చెప్పుకోవాలంటే జట్టుని జనవరిలోనే ప్రకటించేశారు, ఈ పరుగులన్నీ ఆ తర్వాతివి. అదే ఏడు అక్టోబరులో సిల్హెట్ ఆసియా కప్‌లో మలేసియా మీద 69 కొట్టి తన వంతు చెప్పుకుంది.

ఇక 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది. ఇందాక లేదన్నానే, ఆ నడిమి మెట్టు ఇదే. మొదటి ఏడు గుజరాత్, మరుసటి ఏడు బెంగళూరు తీసుకున్నాయి. 2024లో బెంగళూరు మొదటి మ్యాచ్ యూపీతో, చిన్నస్వామి స్టేడియంలో. మేఘన 53, రిచా ఘోష్ 62. గెలిచింది రెండంటే రెండే పరుగుల తేడాతో. చివరికి ఆ ఏడు కప్పూ ఆ జట్టుదే.

అలాగని వేలంలో పేరు పలికితే చాలు, జీవితం గట్టెక్కినట్టే అనుకోకండి. మన దగ్గర వ్యాపారి పూత మీదే తోట బేరం చేసుకుంటాడు చూశారూ, వేలం అచ్చం అలాంటిదే. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ సంగతి చూడండి. 2022 అండర్-19 ప్రపంచకప్‌కి వైస్ కెప్టెన్, సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50. ఆ డిసెంబరు వేలంలో చెన్నై 20 లక్షలకి కొనుక్కుంది. మొదటి ఐపీఎల్ మ్యాచ్ ఎప్పుడాడాడు? 2025 ఏప్రిల్లో. రెండు సీజన్లు పూర్తిగా బెంచీ మీదే. ఈలోగా రంజీలో హైదరాబాద్ మీద డబుల్ సెంచరీ కొట్టుకున్నాడు పాపం, ఎంతమంది చూశారు?

కడప అమ్మాయి శ్రీచరణికి ఆ మెట్టు కలిసొచ్చింది. 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ 55 లక్షలు పెట్టింది, ఏప్రిల్‌కల్లా ఇండియా వన్డే జట్టులో ఉంది, నవంబరుకి ప్రపంచకప్ చేతిలో ఉంది. మేఘన ఐదేళ్లు ఎదురుచూసిన దూరాన్ని ఈ పిల్ల ఐదు నెలల్లో దాటేసింది. ఆమె స్పిన్ గొప్పదే, కాదనను. కానీ మేఘన ఇరవయ్యేళ్లప్పుడు ఇలాంటి వేలమే లేదుగా!

మీరెవరూ మూలపాడు వెళ్లి మ్యాచ్ చూసినట్టు లేదు. మనవాళ్లకి చెపాక్ దాకా వెళ్లే ఓపికుంటుంది, పక్కూరికి ఉండదు. దేశవాళీ మ్యాచ్‌లు అక్కడ పడుతూనే ఉంటాయి. ఈసారి అమ్మాయిలది పడితే చెప్పండి, నేనూ వస్తాను. టీ ఖర్చు మీదే.