వీపు మీద చెయ్యి

కాన్పయిన రెండో రోజుకే వార్డులో ఆ మాట మొదలవుతుంది: “పాలు పడలేదు డాక్టర్ గారూ.” తొలిరోజు బిడ్డకు ఒక్కోసారికి చెంచాడు ముర్రుపాలు చాలు. నిండుగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అంతలోనే ఇంట్లో పెద్దవాళ్లు మర్దనా మొదలుపెడతారు. మంచిదే. ఎక్కడ, ఎంత బలంగా అన్నదగ్గరే నాకు భయం.

నాలుగో రోజున తీసుకొచ్చిన ఒక బాలింతకు రొమ్ములు రాయిలా బిగుసుకుపోయాయి. ఒకచోట ఎర్రగా కమిలింది. గడ్డలు కరగాలని వేడినూనె రాసి గట్టిగా పిసికామని వాళ్లమ్మ చెప్పింది. కూతురి బాధ చూడలేకే చేసింది పాపం. పాలు నిండటంతో పాటు లోపల నీరు చేరి వాచింది, పిసికేకొద్దీ వాపు పెరుగుతుంది. చల్లటి తడిగుడ్డ వేయించాం. చనుమొన చుట్టూ వేళ్ల కొసలతో ఛాతీ వైపు ఒక నిమిషం మెల్లగా అదిమాక నల్లని వలయం మెత్తబడింది. పట్టు దొరక్క ఏడుస్తున్న బిడ్డ అప్పుడు నోటినిండా అందుకుంది.

పాలు ఊరేది ప్రొలాక్టిన్ వల్ల, అవి చేపుకు వచ్చేది ఆక్సిటోసిన్ వల్ల. నొప్పి, బెంగ ఈ రెండోదాన్ని అడ్డుకుంటాయి. అందుకే నేను ముందు వీపు రుద్దమంటాను.

నెలలు నిండని బిడ్డ ఎన్ఐసీయూలో ఉండగా ఒక తల్లి ఎంతసేపు పిండినా గిన్నె అడుగు తడవలేదు. బల్లమీద చేతులు పెట్టి తల వాల్చుకోమన్నాను. వాళ్ల అత్తగారు వెన్నెముకకు రెండుపక్కలా, మెడ నుంచి భుజాల ఎముకల దాకా, బొటనవేళ్లతో గుండ్రంగా రెండు మూడు నిమిషాలు రుద్దింది. “ఏం కాదులేమ్మా, నీ బిడ్డ బాగుంటాడు” అంటూనే ఉంది. కోడలు అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఏడ్చింది. ఆ తర్వాత పిండితే పాలొచ్చాయి. ఉగ్గుగిన్నెలో పోసి నర్సమ్మకు అందించారు.

అక్కడితో సరిపోదని ఆ అత్తగారికీ చెప్పాను. రొమ్ము ఖాళీ అయితేనే మళ్లీ ఊరుతుంది కాబట్టి, రాత్రుళ్లతో కలిపి రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా పిండాలి. కాన్పులో రక్తం బాగా పోయినా, మాయ ముక్క లోపల మిగిలినా, థైరాయిడ్ తేడా ఉన్నా ఎంత రుద్దినా పాలు సరిగా పడకపోవచ్చు. అప్పుడు పరీక్షలు చేయాలి, అంతేగాని తల్లిని తప్పుపట్టకూడదు. రొమ్ము ఎర్రబడి చలిజ్వరం వస్తే ఇంట్లో మర్దనా ఆపి, ఆ రోజే ఆసుపత్రికి రండి. బిడ్డకు పాలివ్వడం మాత్రం మానకండి.