రంగం వెళ్ళిన నాన్న పేరు



రెండు నెలల క్రితం మన సంఘంలోని ఒక తమ్ముడు పని మీద ఢిల్లీ వెళ్ళి ఇండియా గేటు ఫోటోలు తీసుకొచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, చాపలు చుట్టేస్తుండగా, అందరికీ ఫోను తిప్పి చూపిస్తున్నాడు. ఆ గోడల మీద 13,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయనీ, యుద్ధాల్లో చనిపోయిన మన సైనికుల పేర్లు ఇప్పుడు ఫోనులోనే వెతుక్కోవచ్చనీ చెప్తున్నాడు.

గోడవార ఫ్యాను కింద కూర్చునే మామ్మగారు ఆ మాట విన్నారు. ఎనభై దాటిన మనిషి. అందరూ వెళ్ళేదాకా ఆగి మా దగ్గరికి వచ్చారు.

"అయ్యగారండీ, మా నాన్న రంగం యుద్ధంలో పోయాడండి. మిలట్రీలో. నేను పుట్టకముందే ఎల్లిపోయాడు. ఆయన పేరు ఏ రాయి మీదైనా ఉందేమో కాస్త చూసిపెడతారా?"

రంగం అంటే రంగూన్ అని మన పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో బర్మా మొత్తాన్నీ రంగం అనేవారు. మామ్మగారి తల్లికి భర్త చనిపోయినట్టు ఎవరూ ఉత్తరం రాయలేదు. అందుకని ఆవిడ తాళి తియ్యలేదు. బతికున్నన్నాళ్ళూ రాత్రిపూట తలుపు గడియ పెట్టనివ్వలేదట. "అర్ధరాత్రి వస్తే తలుపు కొట్టుకుంటా బయట నిలబడాలా?" అనేదట.

ఈ పరిచర్యలో ఉన్న భార్యాభర్తలం మేమిద్దరం, ఆ తమ్ముడు, ఇంటర్ చదివే ఇంకో అమ్మాయి, నలుగురం కలిసి ఆ పేరు వెతకడానికి కూర్చున్నాం. వారంలో అయిపోతుందనుకున్నాం. నెలన్నర పట్టింది.

యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికుల సమాధులనూ స్మారకాలనూ చూసుకునే సంస్థ పేరు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో మొదలైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది వివరాలు వాళ్ళ వెబ్‌సైటులో ఉన్నాయి. బర్మాలో పోరాడి, సమాధి కూడా దొరకని సైనికుల కోసం రంగూన్‌కు ఉత్తరాన టౌక్యాన్ అనే చోట ఒక స్మారకం కట్టారు. 1958లో ఆవిష్కరించారు. పొడవైన వరండాలా ఉంటుంది. దాని రాతి స్తంభాల మీద దాదాపు 27,000 పేర్లు. వాటిలో చాలా భాగం మన దేశం వాళ్ళవే. ఆ స్మారకం మీద ఒక వాక్యాన్ని ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖి, ఇన్ని లిపుల్లో రాశారు. తెలుగు లేదు. మామ్మగారు ఒకవేళ అక్కడికి వెళ్ళినా తండ్రి పేరును చదువుకోలేరు, ఎవరో చదివి వినిపించాలి.

వెతకడంలో మొదటి చిక్కు మన పేర్లతోనే వచ్చింది. మనకు ముందు ఇంటి పేరు, తర్వాత మనిషి పేరు. పట్టాలంలో చేర్చుకునే గుమాస్తాకు అదంతా పట్టదు. చాలామందికి ఒకే పేరు రాసి ఊరుకున్నారు. ఇంటి పేరు పోయింది. మిగిలిన పేరును కూడా రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. వెంకన్న ఒకచోట వెంకన్న, ఇంకోచోట యెంకన్న. అప్పలస్వామి అయితే నాలుగు రకాలు. మామ్మగారి తండ్రి పేరు ఇక్కడ రాయడం లేదు గానీ, కోనసీమలో ఏ పేటకు వెళ్ళినా ఇద్దరు ముగ్గురు ఉండే పేరే అది. ఇంగ్లీషులో దాన్ని ఎన్ని విధాలుగా రాయొచ్చో మా అమ్మాయి నోటు పుస్తకంలో వరసగా రాసింది. పదకొండు వచ్చాయి.

రెండో చిక్కు ఊరు. మన జిల్లా 2022లో ఏర్పడింది. అంతకుముందు తూర్పు గోదావరి. 1925కు ముందు అది కూడా కాదు, ఉత్త గోదావరి జిల్లా, మద్రాసు రాజధాని. కాబట్టి మొదటి యుద్ధంలో పోయినవాళ్ళ కోసం ఒక జిల్లా పేరుతోనూ, రెండో యుద్ధం వాళ్ళ కోసం ఇంకో పేరుతోనూ వెతకాలి. రాజోలుకు, కొత్తపేటకు కూడా ఇంగ్లీషులో ఒకటికి రెండు స్పెల్లింగులున్నాయి. కొందరి వివరాల్లో తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు, ఊరు అన్నీ ఉంటాయి. ఎక్కువమందికి సైనిక నంబరు, దళం, చనిపోయిన తేదీ, రాతి మీద ఏ వైపు ఉందో తెలిపే సంఖ్య, అంతే.

చివరికి రంగూన్ స్మారకం మీద ఆ పేరుతో ముగ్గురు దొరికారు. ఒకాయనది తమిళ జిల్లా. ఇంకొకాయన భార్య పేరు వేరు. మూడో ఆయనకు ఊరు లేదు, తండ్రి పేరు లేదు, భార్య పేరు లేదు. 1944లో చనిపోయినట్టు మాత్రం ఉంది. ఆయన మన మామ్మగారి నాన్న కాదని చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. అవునని చెప్పే ఆధారం కూడా లేదు.

"ఈయనే అని చెప్పేద్దామండి" అన్నాడు తమ్ముడు. "ఎవరికి నష్టం? ముసలావిడ సంతోషపడుతుంది."

నిజం చెప్పాలంటే ఆ మాట మాకూ నచ్చింది. ఎనభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి. ఇంకెన్నాళ్ళు చూస్తుంది? రాజోలు వెళ్ళి ఆ పేజీని రంగుల్లో ప్రింటు తీయించాం. లామినేషన్ కూడా చేయించాం. బైబిలులో పెట్టుకుని మామ్మగారింటికి బయల్దేరాం. దారిలో ఏ వాక్యం చదివి ఆ కాగితం చేతికివ్వాలో కూడా అనుకున్నాం. అబద్ధానికి వాక్యం వెతుకుతున్నామని అప్పుడు తోచలేదు.

అరుగు మీద కూర్చున్నాం. మజ్జిగ ఇచ్చారు. కాగితం బయటికి తీసేముందు ఊరికే మాట కోసం అడిగాం, "నాన్నగారు ఎక్కడ చేరారు మామ్మగారూ, పట్టాలంలో?"

"ఏమోనండి. మాయమ్మ పట్టాలం అని ఎప్పుడూ అన్లేదు. కాకినాడలో ఓడెక్కాడు అనేది. రంగంలో బియ్యం బస్తాలు మొయ్యడానికి మేస్త్రీ తీసికెళ్ళాడంట. మిలట్రీ అని తర్వాతెప్పుడో మా బాబాయి అన్నాడు."

కాగితం బైబిలులోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక ఆ సంగతి చదవడం మొదలుపెట్టాం. గౌతమికి అవతల ఉన్న మన కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఆ ఊరి పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్టణంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో పట్టణం జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరకని లక్షలాది మంది భారతీయులు కాలినడకన కొండలూ అడవులూ దాటి చిట్టగాంగ్ వైపు, మణిపూర్ వైపు, అస్సాం వైపు బయల్దేరారు. ఆకలికీ, కలరాకూ, మలేరియాకూ దారిలోనే వేల మంది రాలిపోయారు. అదే ఏడు ఏప్రిల్ 6న ఇక్కడ కాకినాడ మీద, విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. అటునుంచి వార్త తెచ్చేవాళ్ళెవరు, ఇటునుంచి వెళ్ళి వెతికేవాళ్ళెవరు?

తుపాకీ పట్టినవాడికి టౌక్యాన్‌లో రాయి ఉంది. బస్తా మోసినవాడికి ఆ రాయి మీద చోటు లేదు. సైనికులందరికైనా పేరు దక్కిందా అంటే అదీ లేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మొదటి యుద్ధంలో పోయిన అధికారుల పేర్లు చెక్కి, భారతీయ సాధారణ సిపాయిలను దళానికి ఇంతమంది అని అంకెల్లో చెప్పి వదిలేశారు. ఇలాంటి అన్యాయాలు జరిగాయని ఆ కమిషనే 2021లో ఒక నివేదిక ప్రచురించి క్షమాపణ చెప్పింది.

ఆ యుద్ధ శ్మశానాల్లో పెద్ద పెద్ద రాతి వేదికల మీద, వారి పేరు ఎల్లకాలం నిలుస్తుందనే భావంతో ఒక వాక్యం చెక్కి ఉంటుంది. దాన్ని ఎంపిక చేసినది రుడ్‌యార్డ్ కిప్లింగ్ అనే ఇంగ్లీషు రచయిత. ఆయన ఒక్కగానొక్క కొడుకు 1915లో ఫ్రాన్సులో చనిపోయాడు. తండ్రి బతికుండగా ఆ కుర్రవాడి సమాధి ఎక్కడుందో తెలియలేదు. ఆ వాక్యం కతోలిక సహోదరుల బైబిలులో ఉండే సీరాకు గ్రంథం 44వ అధ్యాయంలోనిది. మేము ఆ అధ్యాయం తెప్పించుకుని చదివాం. ఆ వాక్యానికి అయిదు వచనాల ముందు ఇంకో మాట ఉంది. ఏ గుర్తూ మిగలకుండా, పుట్టనేలేదన్నట్టు పోయినవాళ్ళు కూడా ఉన్నారని. రాతి మీదికి ఎక్కింది రెండో మాట. మామ్మగారి నాన్న మొదటి మాటలో ఉన్నాడు.

ప్రియులారా, రోమా పత్రిక 16వ అధ్యాయం వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? పేర్లేగా అని గబగబా చదివేస్తాం. మేమూ ఎన్నోసార్లు అలాగే దాటేశాం. ఈసారి ఆగి చదివాం. పత్రిక చేత్తో రాసిన తెర్తియు పేరు లేఖనాల్లో ఇంకెక్కడా లేదు. క్వర్తు పేరూ అంతే. నేరెయ పేరు ఉంది, ఆయన సహోదరి పేరు లేదు. రూఫు తల్లిని తనకూ తల్లే అన్నాడు పౌలు, ఆవిడ పేరు మాత్రం రాయలేదు. అయినా ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ వందనం అందింది. పౌలుకు తెలియని పేరును ఊహించి రాయలేదు. పేరు రాయలేదని మనిషిని వదిలెయ్యనూ లేదు. మాకు కావలసిన బుద్ధి అక్కడ దొరికింది.

తర్వాతి శనివారం మళ్ళీ మామ్మగారింటికి వెళ్ళాం. ఉన్నదున్నట్టు చెప్పాం. ముగ్గురు దొరికారనీ, వారిలో ఎవరూ ఆయనే అని చెప్పలేమనీ, ఆయన అసలు సైనికుడు కాకపోయి ఉండొచ్చనీ. కాగితం చూపించి, ఇది మీ నాన్నగారిదని చెప్పి ఇచ్చేద్దామనుకున్నామని కూడా ఒప్పుకున్నాం.

మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. కాగితం తీసుకుని, అక్షరాలు రాకపోయినా, ఆ పేరున్న చోట వేలు పెట్టమన్నారు. పెట్టాం.

"ఈయనకీ ఎవరో కూతురు ఉండే ఉంటాది గదండి" అన్నారు. "నాకిచ్చేస్తే ఆ పిల్లకి లేకుండా పోదాండి? మీ దగ్గరే ఉంచండి. ఎవరైనా వస్తే ఇద్దురుగాని."

కాసేపాగి, "మా నాన్న పేరు మటుకు ఆదివారం ప్రార్థనలో ఓసారి పైకి అనండయ్యగారూ. మాయమ్మ ఎప్పుడూ పేరెట్టి అన్లేదు. మొగుడి పేరు చెప్పకూడదని" అన్నారు.

ఆదివారం ఇంటి పేరుతో సహా అన్నాం. మామ్మగారు తల ఎత్తలేదు.

ఆ రోజు మా మనస్సాక్షికి ఇంకో సంగతి తగిలింది. ఎక్కడో బర్మాలో పేర్లు వెతికాం గానీ, మన సమాధుల తోటలో పేరు లేని సిమెంటు సిలువలు ఎన్ని ఉన్నాయి? 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో పోయినవాళ్ళలో, కూలికి వచ్చి ఇక్కడే చనిపోయినవాళ్ళను ఎంతమందిని పేరుతో చెప్పగలం? సంఘపు పుస్తకంలో మేము సరిగా రాసి ఉంచలేదు. ఆ తప్పు మాది.

అందుకని ఒక కొత్త పుస్తకం కొన్నాం. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవారు ఈ వారమే పక్కన కూర్చుని అడగండి. రంగం వెళ్ళినవాళ్ళు, పట్టాలంలో చేరినవాళ్ళు, తుపానులో పోయినవాళ్ళు, తిరిగిరానివాళ్ళు ఎవరెవరు? ఇంటి పేరు, మనిషి పేరు, ఊరు, భార్య పేరు. ట్రంకు పెట్టెలో పతకం ఉంటే అంచు తిప్పి చూడండి, మొదటి యుద్ధపు పతకాల అంచు మీద పేరూ నంబరూ చెక్కి ఉంటాయి. తెలిసింది తెలిసినట్టు రాయించండి. తెలియని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీని మనం నింపొద్దు.

పుస్తకంలో మొదటి పేరు మామ్మగారి నాన్నది. పక్కన, "1941లో కాకినాడలో ఓడెక్కారు" అని రాశాం. తర్వాతి గడి ఖాళీగా ఉంది. లామినేషన్ కాగితం మా బైబిలులో రోమా 16 దగ్గర ఉంది. దాని తాలూకువాళ్ళు ఎవరైనా వస్తే ఇవ్వాలి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము మరచినవారిని నీవు మరువవు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకుండా మా నోటికి కావలి ఉంచు. తలుపు గడియ వేయకుండా ఎదురుచూసిన ప్రతి ఇంటినీ ఆదరించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.