కరెంటు శ్రుతి

మన దేశంలో కరెంటుకి ఒక శ్రుతి ఉంది. సెకనుకి 50 ఆవృత్తులు. దాన్ని చెవితో వినగలిగితే ఐదు శ్రుతి షడ్జానికి రవ్వంత పైన పలుకుతుంది. ఐదు శ్రుతి షడ్జాన్ని స్థాయి తరవాత స్థాయి కిందికి దించుకుంటూ పోతే 49 హెర్ట్జ్ దగ్గర ఆగుతాం. కరెంటు 50 దగ్గర ఉంటుంది. అమెరికాలో అది 60, అంటే ఆరున్నరకీ ఏడుకీ సరిగ్గా నడుమ. కర్ణాటక సంగీతం పాడే మన ఆడవాళ్లలో చాలామందిది ఐదు శ్రుతి, లేకపోతే దాని ఇరుగుపొరుగు. అందుకే ఇంట్లో రికార్డింగ్ చేసేవాడికి ఆ ఒక్క హెర్ట్జ్ తేడాయే పెద్ద గండం.

పగలు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి కొండాపూర్ ఫ్లాట్‌లో ఓ పడగ్గది నా స్టూడియో. పక్క స్థలంలో బండలు కొట్టే చప్పుడు ఆగాకే మైకు పెట్టగలం. అలా పూర్తయింది ఆరు త్యాగరాజ కీర్తనల ఆల్బమ్. పాడినావిడని అక్కా అంటాను. మిక్సింగ్ మొదలయ్యాక ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు.

"తమ్ముడూ, ఆ రెండో తంబూర ఎవరిది?"

"రెండోది లేదక్కా, ఒక్కటే వాడాం."

"ఉంది. కొంచెం ఎక్కువ శ్రుతిలో ఉంది. నేను ఊపిరి తీసుకున్న ప్రతిసారీ వినిపిస్తోంది."

స్పెక్ట్రమ్ తెరిచి తంబూర ఉన్న చోటుని బాగా పెద్దది చేసి చూస్తే అక్క చెప్పింది అక్షరాలా నిజం. తంబూర తీగలు మూడు చోట్ల పలుకుతాయి: మంద్ర షడ్జం 98, పంచమం 147, షడ్జం 196. రికార్డింగ్‌లోకి చొరబడే కరెంటు రొద, అంటే హమ్, 50 దగ్గర ఒక్కచోటే ఉండదు, దాని రెట్లూ పుడతాయి: 100, 150, 200. ప్రతి తీగ పక్కనా ఓ అపశ్రుతి తీగ కూర్చుంది. 98కీ 100కీ మధ్య సెకనుకి రెండు అలలు, 196కీ 200కీ మధ్య నాలుగు. మామూలు మీటర్లలో అది తంబూర కిందే కలిసిపోతుంది. ఆవిడ చెవికి మాత్రం విడిగా దొరికింది. ముప్పై ఏళ్లుగా తంబూర పక్కన కూర్చున్న చెవికి సాటిరాగల పరికరం నా గదిలో లేదు, ఇప్పటికీ లేదు.

ఫిల్టర్ పెట్టి కోసేయొచ్చు కదా అంటారు. సినిమా పాటలో, డప్పు పాటలో కొంతవరకు చెల్లుతుంది. ఇక్కడ 200ని కోయబోతే 196 కూడా తెగుతుంది, అంటే షడ్జమే తెగుతుంది. పైగా గమకం ఒక చోట నిలిచేది కాదు, షడ్జం నుంచి రిషభం మీదికి ఊగే ప్రతి స్వరమూ ఆ 200 మీదుగానే వెళ్లాలి. ఇంకో చిక్కు, హమ్ కూడా కదులుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతటికీ ఒకే కరెంటు శ్రుతి. నిబంధనల ప్రకారం 49.90 నుంచి 50.05 లోపల ఉండాలి. అదే కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకుంటే లెక్క వేరు. లోడు తక్కువున్న రాత్రి వేళ డీజిల్ ఇంజన్ కాస్త వేగంగా తిరిగి, హమ్ ఐదున్నర శ్రుతి వైపు జరుగుతుంది. మే నెల గాలివానలప్పుడు తీసిన టేకుల్లో ఈ జారుడు స్పష్టంగా కనిపించింది.

కారణం తెలియకుండా ప్లగిన్ ముట్టుకోకూడదని నా గట్టి నమ్మకం. ఆఫీసులో లాగ్‌లు చదివి బగ్ మూలం పట్టుకోవడం రోజూ చేసే పనే, పాట అంతకన్నా తక్కువది కాదు. లాప్‌టాప్ ఛార్జర్ తీసేస్తే హమ్ తగ్గింది. మైకు స్టాండుని చేత్తో పట్టుకుంటే ఇంకా తగ్గింది. అంటే ఎర్తింగ్‌లోనే తేడా. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు విప్పి చూపించాడు: "సార్, ఎర్త్ వైరు పైపుల ఉంది గానీ బోర్డుకు కలపలే సార్. మడిచి పెట్టిండ్రు." తరవాత సెల్లార్ మూల ఎర్త్ గుంత మూత తీస్తే లోపల ఎండిపోయి ఉంది.

ఈ రెండోది మన ప్రాంతపు కథ. 1998లో సైబర్ టవర్స్ లేచిన నేల, దుర్గం చెరువు చుట్టూ ఉన్న నేల అంతా గ్రానైట్. రాయికి కరెంటుని తనలోకి లాక్కునే గుణం తక్కువ. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి తడి ఆరకుండా చూడాలి. ఎండాకాలంలో నీళ్లు పొయ్యకపోతే అది పేరుకే ఎర్త్. వైరు కలిపి, వాచ్‌మన్ చేత గుంతలో నీళ్లు పోయించాక గది సద్దుమణిగింది. అక్క ఆరు కీర్తనలూ మళ్లీ పాడారు. విసుగన్న మాట లేదు. రెండోసారి పాడిన వాటిలో విలంబ కాలం కీర్తన మొదటిసారి కన్నా ఎంతో నిండుగా వచ్చింది.

తరవాత గది సంగతి. పొడవు పదకొండున్నర అడుగులు. ఎదురెదురు గోడల మధ్య ధ్వని తరంగం నిలబడిపోయే తొలి స్థానం సుమారు 49 హెర్ట్జ్, ఆపైన 98, 147, 196. మళ్లీ ఐదు శ్రుతే! గోడ దగ్గర కూర్చుంటే తంబూర ఉబ్బిపోతుంది. సరిగ్గా గది నడిమధ్యకి జరిగితే పంచమం మాయమవుతుంది, షడ్జం మాత్రం మోగుతుంది. ఏ కుర్చీలో కూర్చుని విన్నదాన్ని నమ్మి మిక్స్ చెయ్యాలి? గోడలకి అంటించే పలచటి స్పాంజి ఇంత కింది స్థాయిని ఏమీ చెయ్యలేదు. మందపాటి రాక్‌వూల్ పలకలు మూలల్లో నిలబెట్టి, తంబూర మట్టాన్ని హెడ్‌ఫోన్‌లో తేల్చి, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కారులో విని ఖాయం చేశాను.

డల్లాస్‌లో ఉండే వయొలిన్ విద్వాంసుడి ట్రాక్ వచ్చినప్పుడు ఇంకో గొడవ. ఎనిమిది నిమిషాల కీర్తన ఎనిమిది నిమిషాల నలభై రెండు సెకన్లకి సాగింది. శ్రుతి నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య పడింది. నిడివి, శ్రుతి, ఆ రెండు అంకెలే దొంగని పట్టించాయి. సీడీ కోసం స్థిరపడింది సెకనుకి 44,100 నమూనాలు, వీడియో రంగం వాడేది 48,000. ఫైలు లోపల ఉన్నవి 48,000వి, పైన చీటీ మాత్రం 44,100. దారిలో ఏదో సాఫ్ట్‌వేర్ చీటీ మార్చి సరుకు మార్చలేదన్నమాట. చీటీ సరిదిద్దితే చాలు, ఒక్క నమూనా కూడా చెడదు. ఇలాంటప్పుడు శ్రుతి మార్చే ప్లగిన్‌తో పైకి లాగినా సరిపోయినట్టే ఉంటుంది, కానీ కమాను ఒరిపిడి అంతా ప్లాస్టిక్ అయిపోతుంది.

చివర్లో తంబూర తెగింది. ఆలాపన ఒక ట్రాక్, కీర్తన మరో ట్రాక్‌గా విడదీసి ఎంపీ3 చేస్తే నడుమ క్షణం పాటు నిశ్శబ్దం. ఎంపీ3 శబ్దాన్ని 1,152 నమూనాల ముక్కలుగా కట్టి, చివరి ముక్కలో మిగిలిన చోటుని నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లోనూ కొంత చేరుతుంది. విడివిడిగా ముగిసే పాటలకి పెద్ద పట్టింపు లేదు. మనకి తంబూర తెగితే రాగం తెగినట్టే. రెండూ కలిపి ఒకే ట్రాక్ చేశాం. వినేవాళ్లు ఆలాపన దాటేసి కీర్తనకి వెళ్లే వీలు పోయింది. అక్కకి అదే నచ్చింది.

ఇక శబ్దమట్టం. స్పాటిఫై పాటల్ని మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దమట్టం కొలత) దగ్గరికి తెస్తుంది. మా కీర్తనలు సహజంగా మైనస్ 19 దగ్గర ఉన్నాయి. పైకి తోయాలంటే లిమిటర్ పెట్టాలి, లిమిటర్ మొదట మింగేది మృదంగం చాపునే. లిమిటర్ లేకుండా, పెట్టి, రెండు రకాలుగానూ వినిపించాను. మృదంగం వాయించిన గురువుగారు రెండోది సగంలోనే ఆపించి, "మా చాపుని నొక్కకు నాయనా, కావాలంటే వినేవాళ్లే వాల్యూమ్ పెంచుకుంటారు" అన్నారు. మైనస్ 19 దగ్గరే పంపించాం.