లక్క గాజుల కుంపటి కాడ యాదికొచ్చిన కారం మిల్లు

మా చిన్నబిడ్డ పెండ్లి దగ్గరపడ్డది. గాజుల కోసం పోయిన వారం ఇంటోళ్లతోని హైదరాబాద్ లాడ్ బజార్ పోయినం. చార్మినార్ పక్కనే. ఆడోళ్లు గాజుల దుకాణంల కూసుంటే తొందరగ లేస్తరా? నేను వెనక గల్లీల తిరుగుకుంట పోతే, ఒక చిన్న అర్రల గాజులు చేస్తున్న ముసలాయన కనబడ్డడు.

బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను కాక పెట్టి, సాగదీసి, గుండ్రంగ వంచి, అది మెత్తగున్నప్పుడే ఒక్కో రాయి అద్దుతున్నడు. ఈ ఎండలల్ల ఆ కాకకు నేను పది నిమిషాలు ఆగలేకపోయిన. లక్క కూడా మనసొంటి రైతుల పంటనే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెడుతది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ దిక్కు ఎక్కువ తీస్తరు. మనమేమో మోదుగలు కొట్టి పొయ్యిల పెడుతున్నం, అది వేరే ముచ్చట.

"చాచా, మా తాండూరు కందికి వచ్చినట్టే మీ గాజులకు 2024ల జీఐ గుర్తింపు వచ్చింది కద, ధర పెరిగిందా?" అన్న.

"దుకాణంల పెరిగిందేమో భయ్యా, నా కూలి అదే" అన్నడు. "అప్పు అడిగితే ఏం మిషన్ కొంటవ్ అంటరు. నాకు చేతులే మిషన్. సీజన్‌కు ముందు లక్క, రాళ్లు కొననీకి పైసల్ కావాలె. అవి లేకనే దుకాణపాయన కాడ అడ్వాన్స్ తీసుకుంట. ఇగ ఆయన చెప్పిందే రేటు."

మనం ఆడ్తి కాడ తీసుకునేది గిదే కద! సరే, రెండు జతలు నీ కాడనే కొంట అన్న. అమ్మనన్నడు. చేతులున్న గాజు సుత ఆయనది కాదంట.

బస్సుల వస్తుంటే మా కోడలు కాయితాలు యాదికొచ్చినయ్. కిరాయి మిల్లుల కారం పట్టించి ప్యాకెట్లు అమ్ముతది. పీఎంఎఫ్ఎంఈ కింద సొంత మిల్లు పెడుత అంటున్నది. 2020ల వచ్చిన కేంద్రం స్కీమ్ అది. ఖర్చుల 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకు మించది. మన చేతి నుంచి 10 శాతమన్నా పెట్టాలె, మిగిలింది బ్యాంకు అప్పు. ఇంటిల్లిపాది ఆ 35 శాతమే లెక్క పెట్టినం. మార్కెట్ల మిర్చి దండిగ వచ్చే రెండు మూడు నెలల్లనే ఏడాదికి సరిపడ సరుకు కొనాలె కద, ఆ పైసలెక్కడియి? ఒక్కరం అడగలే. మిల్లు ఉండి మిర్చి లేకుంటే కిస్తీ ఆగుతదా?

గదే స్కీమ్‌ల, మహిళా సంఘంల ఉండి ఇప్పటికే గీ పని చేస్తున్నోళ్లకు మనిషికి 40 వేల దాకా సరుకు పెట్టుబడి ఉన్నది. సంఘం నుంచి వస్తది, మళ్ల సంఘానికే కట్టాలె. ముందుగాల అది అడుగు బిడ్డా, మిల్లు సంగతి పంట గడిచినంక చూద్దాం అన్న. రెండు దినాలు నాతోని మాట్లాడలే. నిన్న మాత్రం చెప్పకుంటనే కాయితాలు పట్టుకొని సంఘం మీటింగ్‌కు పోయింది.

మీ ఊర్లల్ల ఆ 40 వేలు తీసుకున్నోళ్లుంటే, చేతికి రానీకి ఎన్ని దినాలు పట్టిందో కింద రాయుండ్రి. మిర్చి మార్కెట్‌కు వస్తనే ఉన్నది.