పాత బుల్లెట్... నాడి చూసి కొనాలి!

దిల్లీ మెట్రోలో ఝండేవాలా స్టేషన్ దాటగానే నూట ఎనిమిది అడుగుల హనుమంతుడు దర్శనమిస్తాడు. ఆ స్వామిని చూసేలోపే కరోల్‌బాగ్ వచ్చేస్తుంది. తెలుగువాళ్లకి ఈ పేరు కొత్తేం కాదు. సివిల్స్ కోచింగ్ కోసం పక్కనున్న పాత రాజేంద్రనగర్‌లో గదులు తీసుకునే కుర్రాళ్లలో మనవాళ్లూ ఎక్కువే. బట్టలకి అజ్మల్‌ఖాన్ రోడ్డు, సెల్‌ఫోన్లకి గఫార్ మార్కెట్, జీన్స్‌కి ట్యాంక్ రోడ్డు... ఇలా ఒక్కో వీధిదీ ఒక్కో వ్యాపారం. నాయీవాలా గల్లీలు, హరిసింగ్ నల్వా వీధి వైపు మళ్లితే మాత్రం చెవినపడేది ఒకటే చప్పుడు. డుగ్... డుగ్... డుగ్! అది సెకండ్‌హ్యాండ్ బుల్లెట్ల అడ్డా.

1947లో దేశవిభజన తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాలు కరోల్‌బాగ్‌లో స్థిరపడ్డాయి. చిన్న దుకాణాలతో మొదలై పెద్ద బజారుగా ఎదిగింది ఈ ప్రాంతం. ఇక బుల్లెట్‌ది మన దక్షిణాది కథ. 1955లో ఇంగ్లండ్ కంపెనీ భాగస్వామ్యంతో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూర్‌లో తయారైన బండి సైన్యానికీ, పోలీసులకీ నమ్మిన బంటు అయింది. పంజాబీలకైతే ప్రాణం!

మంచుకొండల బేరం

ఈ గల్లీలకి వచ్చేవాళ్లంతా ఊళ్లో తిరగడానికి బండి కొనేవాళ్లు కాదు. మనాలి మీదుగా లేహ్ వెళ్లాలన్న కల చాలామందిని ఇక్కడికి లాక్కొస్తుంది. విదేశీయులైతే ఇక్కడే బండి కొని, కొండలన్నీ చుట్టి, తిరిగొచ్చి ఇక్కడే అమ్మేసి విమానమెక్కడం ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లూ వస్తున్నారు.

ఆ దారి మామూలు దారి కాదు. 2020లో అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పింది. అయినా బారాలాచాలా, తంగ్‌లంగ్‌లా కనుమలు ఎక్కాల్సిందే. తంగ్‌లంగ్‌లా ఎత్తు అయిదువేల మీటర్ల పైనే. దిల్లీలో ‘కాస్త క్లచ్ జారుతోంది అంతే’ అనిపించిన లోపం అక్కడ బండిని కదలనివ్వదు. చుట్టుపక్కల మెకానిక్ ఉండడు, ఫోన్ పలకదు, పొద్దువాలితే చలి. అందుకే ఈ బేరంలో పోయేది డబ్బొక్కటే కాదు.

చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు

దుకాణానికి వెళ్లగానే చెయ్యాల్సిన మొదటి పని బేరం కాదు, ఇంజిన్ మీద చెయ్యి వేసి చూడటం. వెచ్చగా ఉందా? కొనేవాళ్లు వచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. వేడెక్కిన ఇంజిన్ ఒక్క కిక్‌కే లేస్తుంది. దాని అసలు గుణం తెలిసేది చల్లగా ఉన్నప్పుడే. కాబట్టి పూర్తిగా చల్లారాక వస్తామని చెప్పి టీ తాగి రావడమే మేలు.

పాత బుల్లెట్‌ని లేపడం ఓ విద్య. కిక్‌ని మెల్లగా నొక్కుతూ అమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా ఆగాలి. డీకంప్రెసర్ మీట పట్టి ఇంకాస్త దించాలి. మీట వదిలేసి అప్పుడు ఒక్క తన్ను! లెక్క తప్పితే అదే ఎదురు తన్నుతుంది. ఇందులోనే ఓ పరీక్ష ఉంది. మీట పట్టకుండా కిక్ మీద బరువు మోపితే అది గట్టిగా ఎదురు నిలవాలి. మెత్తగా జారిపోయిందంటే కంప్రెషన్ పోయినట్టే.

స్టార్టయ్యాక సైలెన్సర్ వెనక్కి వెళ్లి పొగ చూడాలి. చలిపొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వస్తే కంగారక్కర్లేదు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. కార్బ్యురేటర్ సరిచేస్తే తగ్గొచ్చు. కొండల మీద గాలి పలచబడేకొద్దీ అది ఇంకా ఎక్కువవుతుందన్నది మాత్రం మరవకూడదు. నీలంపొగ ఆగకుండా వస్తోందా? ఇంజిన్ ఆయిల్‌ని కాల్చేస్తోంది. రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయి. ఇంజిన్ విప్పాల్సిన ఖర్చు నెత్తినపడ్డట్టే.

రంగు దాస్తుంది... రబ్బరు చెప్పేస్తుంది

ఇక్కడి బండ్లు పెళ్లికొడుకుల్లా మెరిసిపోతుంటాయి. ట్యాంకుకి కొత్త రంగు, క్రోమ్ తళుకులు, కొత్త సీటు కవరు. అవన్నీ తక్కువ ఖర్చుతో అయ్యేవే. చూడాల్సింది వాటిని కాదు, మనిషి కాలూ చెయ్యీ తగిలే చోట్లని. మీటరు పన్నెండువేల కిలోమీటర్లు చూపిస్తోంది, బ్రేకు పెడల్ రబ్బరేమో అరిగి నున్నగా ఉంది. రెండింటిలో ఏది నమ్మాలి? రబ్బరునే! తాళంచెవి పళ్లు, ఫుట్‌రెస్ట్‌లు, హ్యాండిల్ గ్రిప్పులు కూడా అలాంటి సాక్షులే. అన్నీ ఒక్కసారే కొత్తవి వేసి ఉంటే అదీ అనుమానించాల్సిన విషయమే.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2219 అంటే 2019వ సంవత్సరం ఇరవైరెండో వారంలో తయారైందని. గాడి బాగున్నా ఏళ్లు మీదపడిన రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. గొలుసుని వెనక పళ్లచక్రం మీంచి వేలితో లాగితే ఎంత ఎడం వస్తే అంత అరిగినట్టు. పళ్లు కొక్కేల్లా వంగితే సెట్టంతా మార్చాలి.

పడ్డ బండిని గుర్తించడం కూడా కష్టం కాదు. లివర్ల చివర్లు, ఫుట్‌రెస్ట్ అంచులు గీసుకుపోయాయేమో చూడాలి. హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేముకి కొత్త వెల్డింగో, అక్కడ మాత్రమే వేసిన రంగో కనిపిస్తే వెనుదిరగడం మంచిది. వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి. ముందుచక్రం పైకెత్తి హ్యాండిల్ అటూఇటూ తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే బేరింగులు పోయాయి.

పాత బుల్లెట్ల కింద ఆయిల్ మరకలు మామూలే. ఆయిల్ కారకపోతే అందులో ఆయిల్ లేనట్టే అని హాస్యమాడుతుంటారు. చెమటలా తడి ఉంటే ఫర్వాలేదు. చుక్కలుగా కారుతుంటే మాత్రం నవ్వుకునే విషయం కాదు.

ఓ చుట్టు తిప్పాకే...

నడిపి చూడకుండా కొనకూడదు. ఇరుకు గల్లీల్లో కాదు, కాస్త ఖాళీ రోడ్డు మీద. బాగా పాత బుల్లెట్లకి గేరు కుడికాలి వైపు, వెనక బ్రేకు ఎడమకాలి వైపు ఉంటాయి. అలవాటు లేనివాళ్లు నెమ్మదిగా వెళ్లాలి. పైగేరులో ఉండగా యాక్సిలరేటర్ పెంచితే చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. వేసిన గేరు దానంతటదే తప్పిపోతే గేర్‌బాక్స్‌లో జబ్బు. బ్రేకు వేస్తే బండి ఓ పక్కకి లాగకూడదు. ఇవన్నీ తెలియనివాళ్లు దుకాణానికి సంబంధంలేని మెకానిక్‌కి నాలుగు డబ్బులిచ్చి వెంట తీసుకెళ్లడం ఉత్తమం.

కాగితాలూ అరిగిపోతాయి

బండి బాగుందని తేలాక సగం పనే అయినట్టు. ఫ్రేము మీది నంబరూ ఇంజిన్ నంబరూ ఆర్సీలో ఉన్నవాటితో అంకె అంకెకీ కలవాలి. ఇంజిన్ మార్చేసిన బండ్లు, నంబరు గీకేసిన బండ్లు అక్కడే దొరికిపోతాయి. అప్పు మీద కొన్నదైతే బ్యాంకు నిరభ్యంతరపత్రం, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే దిల్లీ ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి చేతుల మీదుగా అమ్ముకుంటూ పోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. ప్రమాదం జరిగితే పరిహారం విషయంలో ఆర్సీలో పేరున్నవాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పేరు మారకపోతే అమ్మినవాళ్లకీ ముప్పే. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణాశాఖ నుంచి అధికారపత్రం తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. ఆ పత్రం చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

దిల్లీకి మరో మెలిక ఉంది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు అక్కడ తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. 2025లో ఈ విషయం మళ్లీ ఆ కోర్టు ముందుకు వచ్చింది. కాబట్టి ‘చవగ్గా ఇచ్చేస్తాం’ అన్నారంటే ముందు బండి వయసు లెక్కపెట్టాలి.

రైలెక్కి ఇంటికి...

లేహ్ వెళ్లొచ్చాక బండి మీద మమకారం పెరిగి ఇంటికి తెచ్చుకుంటామంటే రైల్వే పార్సిల్ ఉంది. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసి, గోనెపట్టా చుట్టి, ఆర్సీ నకలుతో ఇవ్వాలి. సొంత రాష్ట్రంలో ఏడాదికి మించి తిప్పాలంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందే. ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కట్టాలి. ఆ ఖర్చంతా కలుపుకొంటే కరోల్‌బాగ్ చవక ఎంత చవకో తేలుతుంది. కొన్నిసార్లు మన ఊరి బండే లాభం!

నిజాయతీగా అమ్మేవాళ్లు బండి చల్లారేదాకా ఆగమంటే ఆగుతారు, తోలి చూస్తామంటే తాళమిస్తారు, ఆర్సీ చేతిలో పెడతారు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి నసిగినా పక్క దుకాణానికి నడవడమే. ఆ వీధిలో బుల్లెట్లకి కొదవలేదు.