పంపడమా, పంపేయడమా?



ఈ రోజుల్లో మనం "పంపాను" అనడం తగ్గించి "సెండ్ చేశాను" అనడం ఎక్కువ చేశాము. ఫోటో సెండ్ చెయ్యి అంటాము, ఫోన్‌పేలో డబ్బులు సెండ్ చెయ్యి బాబూ అంటాము. పదో తరగతి పిల్లలకు సెండాఫ్ పార్టీ చేస్తాము. రోజూ మన నోట నలిగే ఈ చిన్న మాటను వాక్యపు వెలుగులో కాసేపు చూద్దాము.

సెండ్ అంటే పంపు. అయితే పక్కన ఇంకో మాట చేరగానే అర్థం మారిపోతుంది. సెండ్ బ్యాక్ అంటే తిప్పి పంపడం. సెండ్ ఫర్ అంటే కబురు పెట్టి పిలిపించడం. కొర్నేలీ యొప్పేకు మనుష్యులను పంపి పేతురును పిలిపించింది ఇలాగే (అపొ. కార్య. 10). సెండ్ ఆఫ్ అంటే సాగనంపడం. సెండ్ అవే అంటే వెళ్లగొట్టడం. అబ్రాహాము తెల్లవారగానే లేచి హాగరుకు రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి, పిల్లవాడితో సహా పంపివేశాడు (ఆది. 21).

మన తెలుగులో కూడా "పంపాను" అనే మాటకూ "పంపేశాను" అనే మాటకూ ఎంతో తేడా ఉంది. పంపినవాడు ఎదురుచూస్తాడు. పంపేసినవాడు చేతులు దులుపుకుంటాడు.

ఈ తేడా మన తీరపు పల్లెలకు బాగా తెలుసు. ఇక్కడ వేట గిట్టక మన కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి బోట్లలో పని చేస్తున్నారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన మనవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వారు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. మధ్యలో దాదాపు పద్నాలుగు నెలలు! అన్ని నెలలూ వారి ఇంటి ఆడవాళ్లు ఎదురుచూశారు, నాయకులను కలిసి వేడుకున్నారు. వాళ్లు తమవారిని పంపారు గాని పంపేయలేదు.

వాక్యములోనూ ఇలాంటి సంఘము ఒకటి ఉంది. పౌలు చెరసాలలో ఉన్నప్పుడు ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితు చేతికి సహాయమిచ్చి పంపింది. అపొస్తలుడు అంటే గ్రీకులో "పంపబడినవాడు" అని అర్థం. పౌలు ఈ సామాన్య సహోదరునికి కూడా ఆ మాటే వాడాడు. వెళ్లినవాడు జబ్బుపడి చావుకు దగ్గరయ్యాడు. ఆ సంగతి ఫిలిప్పీకి చేరింది. తన జబ్బు గురించి సంఘానికి తెలిసిందని అతడే ఎంతో బాధపడ్డాడట! అప్పుడు పౌలు అతణ్ని తిప్పి పంపుతూ, సంతోషముతో చేర్చుకోండి, ఘనపరచండి అని వ్రాశాడు (ఫిలిప్పీ 2:25-30). పని మధ్యలో వచ్చేశాడని ఎవరూ తక్కువగా చూడకూడదు.

ప్రియులారా, మన ఇళ్లలో ఏమి జరుగుతోంది? అబ్బాయిని హైదరాబాదుకో, చెన్నైకో, వెరావల్‌కో పంపాము. ఫోన్ రాగానే మొదట అడిగేది "తిన్నావా బాబూ" అనా, "డబ్బులు వేశావా" అనా? పని కుదరక ఒట్టి చేతులతో వచ్చిన పిల్లవాడు పగటిపూట బస్సు దిగడానికి సిగ్గుపడి, చీకటి పడ్డాక ఊళ్లోకి వస్తున్నాడంటే, మనం అతణ్ని పంపామా, పంపేశామా? అలాగే దూరాన ఉన్న బిడ్డలారా, మీరు నెలనెలా అమ్మకు డబ్బు పంపుతున్నారు, మంచిదే. మరి మాట పంపుతున్నారా?

తూరులో శిష్యులు భార్యాబిడ్డలతో ఊరి బయటి దాకా వచ్చి, సముద్రపు ఒడ్డున మోకరించి ప్రార్థించి పౌలును సాగనంపారు (అపొ. కార్య. 21:5). ఒడ్డున ఇసుకలో మోకరించడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? మన సంఘములో ఎవరు ఊరు విడిచి వెళ్తున్నా బస్సు దాకా వెళ్దాము. వెళ్లినవారి పేర్లు ఆదివారం ప్రార్థనలో చదువుదాము. వారానికొకసారి డబ్బు మాట లేకుండా ఫోన్ చేద్దాము. తిరిగి వచ్చినవాణ్ని, ఏమి తెచ్చాడో చూడకుండా, చేర్చుకుందాము.

ఎందుకంటే మన తండ్రి పంపే విధానము ఇదే. తనను పంపినవాడు తనతో ఉన్నాడనీ, తనను ఒంటరిగా విడిచిపెట్టలేదనీ యేసు ప్రభువే చెప్పాడు (యోహాను 8:29). తండ్రి తనను పంపినట్టే ఆయన మనలనూ పంపుతున్నాడు (యోహాను 20:21). మనం కూడా అలాగే పంపుదాము.

తండ్రీ, ఈ రాత్రి సముద్రము మీద ఉన్న మా బిడ్డలను, పరాయి ఊళ్లలో కష్టపడుతున్న మా బిడ్డలను కాపాడుము. వారి కోసం తలుపు తెరిచి ఉంచే మనసు మాకు దయచేయుము. ఆమేన్.