మార్కులు వేయని మనిషి
ఫ్రాన్స్ బడుల్లో ఇంగ్లీషు సహాయకులుగా చేరే యువతకు బోధనలో శిక్షణ లేదని కొందరి అభ్యంతరం. నిజమే, చాలామందికి ఉండదు. కానీ 1905లో బ్రిటన్‌తో మొదలైన ఈ సహాయకుల మార్పిడి ఉద్దేశం మరో ఉపాధ్యాయుణ్ణి తేవడం కాదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, సాధారణంగా వారానికి 12 గంటలు, ఇంగ్లీషులో పెరిగిన మనిషితో పిల్లల్ని మాట్లాడించడం. వ్యాకరణం, పరీక్షలు, మార్కులు టీచరు బాధ్యత. తప్పు దొర్లుతుందేమోనని నోరు విప్పడానికే జంకే పిల్లకు, మార్కులు వేయని మనిషి ఎదురుగా కూర్చోవడం ఎంత మేలో శిక్షణ పత్రాలతో తేలదు. అలాగని కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో తొలిరోజే సగం తరగతిని పెట్టి వదిలేయడాన్ని సమర్థించలేను. ముందు కొన్నాళ్లు పాఠాలు గమనించనివ్వాలి, ఏం కావాలో టీచరు విడమరిచి చెప్పాలి. ఒకే మనిషిని రెండు మూడు బడులకు పంచినచోట అయితే పిల్లల పేర్లు తెలిసేసరికే నెలలు గడిచిపోతాయి.